సమాధానం: గ్రనడా హోమ్స్‌లో కనిపించే డాక్టర్ హూ ముఖాలు

జెరెమీ బ్రెట్ షెర్లాక్ హోమ్స్‌గా వేసిన గ్రనడా టీవీ సిరీస్‌లో, బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ ‘డాక్టర్ హూ’ నటులు ఎవరెవరు, డాక్టర్ హూలో డాక్టర్‌గా వేసిన టామ్ బేకర్ ఎందుకు దొరకట్లేదు అని అడిగారు కదండీ. బేకర్ ఈ హోమ్స్ సిరీస్‌లో లేడు. ఆయన హోమ్స్‌గా వేసింది 1982లో బీబీసీ తీసిన నాలుగు భాగాల బాస్కర్‌విల్స్ కథలో. రెండూ కలిపి వెతికితే ఎప్పటికీ తేలదు.

ముందు 1985 నాటి ‘రెడ్ హెడెడ్ లీగ్’ పెట్టండి, ఒక్క ఎపిసోడ్‌లోనే ముగ్గురు దొరుకుతారు. జాబెజ్ విల్సన్‌గా వేసిన రోజర్ హామండ్ డాక్టర్ హూ కథల్లో 1965లో ‘ది చేజ్’లో ఫ్రాన్సిస్ బేకన్, 1983లో ‘మాడ్రిన్ అన్‌డెడ్’లో డాక్టర్ రన్సిమన్. డంకన్ రాస్ వేషం రిచర్డ్ విల్సన్‌ది. 2005లో ‘ది ఎంప్టీ చైల్డ్’లో నోట్లోంచి గ్యాస్ మాస్కు పొడుచుకొచ్చే ఆసుపత్రి వైద్యుడు ఈయనే. దొంగ జాన్ క్లే, అంటే టిమ్ మెకినర్నీ, 2008 నాటి ‘ప్లానెట్ ఆఫ్ ది ఊడ్’లో హాల్పెన్. జుట్టు రాలకుండా మందు తాగుతూ ఉంటాడే, అతనే. బట్టతల వల్ల చప్పున పోల్చుకోలేం.

హోమ్స్ కథల్లో పోలీసు ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్‌గా వేసిన కోలిన్ జీవన్స్ 1967 నాటి ‘ది అండర్‌వాటర్ మెనేస్’లో డేమన్. దాని నాలుగు భాగాల్లో అసలు ఫిల్ము మిగిలింది 2, 3 మాత్రమే, వాటిలోనే చూడండి.

పీటర్ కుషింగ్‌ని ఈ లెక్కలో కలపకండి. ఆయన డాక్టర్ హూగా వేసింది 1965, 66 సినిమాల్లో, డాక్టర్ హూ టీవీ సిరీస్‌లో కాదు.