నికొడీమస్ వాసుల పూర్వీకులు ఏ కాగితాలలో ఉన్నారు?

ప్రశ్న: అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, గ్రాహం కౌంటీలో, బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారు నెలకొల్పుకున్న నికొడీమస్ అనే పల్లె ఉందని చదివాను. బానిసల పేర్లే రాయని రోజుల్లో పుట్టినవారి వంశచరిత్రను వారి వారసులు ఏ ఆధారాలతో కూర్చుకుంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తెలిసిన తరం నుంచి ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్లడం ఎక్కడైనా చెల్లే పద్ధతే గాని, నికొడీమస్ విషయంలో ఆ దారి రెండు చోట్ల తెగిపోతుంది.

ఒకటి 1890. ఆ ఏటి జాతీయ జనగణన పత్రాలలో అధికభాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడై, తరువాత పూర్తిగా నాశనమయ్యాయి. 1877లో కెంటకీ నుంచి వచ్చినవారితో వెలసి, 1888లో రైలుమార్గం తనను తప్పించుకొని సాలొమన్ నదికి అవతలగా సాగిపోవడంతో క్షీణించసాగిన ఊరికి ఇది చిన్న నష్టం కాదు. దాని మంచిరోజులన్నీ 1880, 1900 గణనల నడుమే గడిచిపోయాయి. ఆ వెలితిని కొంత పూడ్చేవి కాన్సాస్ రాష్ట్రం సొంతంగా జరిపిన 1885, 1895 జనాభా లెక్కలు. కుటుంబం ఎక్కడి నుంచి కాన్సాస్‌కు వచ్చిందో రాసే గడి వాటిలో ఉంది.

వాటికన్నా హోమ్‌స్టెడ్ దస్త్రాలే, అంటే ప్రభుత్వ భూమిని సాగుదారులకు ఇచ్చిన పథకపు కాగితాలే, విలువైనవని నా అభిప్రాయం. 1862 చట్టం కింద 160 ఎకరాలు కోరిన రైతు అయిదేళ్లు అక్కడే కాపురముండి సాగుచేసినట్టు సాక్షుల చేత చెప్పించాలి. ఇల్లు ఎలాంటిదో, ఎంత నేల దున్నాడో, భార్యాపిల్లలెందరో అందులోకి వచ్చేస్తాయి. ఇళ్ల సంగతే చూస్తే, 1878లో నికొడీమస్‌కు వచ్చిన విలియానా హిక్మన్ అనే ఆమె ఊరేదని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగలను చూపించాడట, ఆమెకు ఏడుపు ముంచుకొచ్చిందట. తొలి కాపురాలు నేల తవ్వి పైన కప్పు వేసుకున్న గుంతలలోనే మరి.

దారి తెగే రెండో చోటు 1870. విడుదలైన బానిసలందరినీ పేరు, ఇంటిపేరు రాసి లెక్కించిన మొదటి జాతీయ గణన అదే. 1850, 1860లలో వారికి వేరే పట్టీలుండేవి. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు తప్ప సాధారణంగా మనిషి పేరు కనిపించదు. కనుక అక్కడ గ్రాహం కౌంటీని వదిలి, కెంటకీలోని స్కాట్ వంటి కౌంటీల కోర్టు కాగితాలు పట్టాలి. యజమాని చనిపోయినప్పుడు వేసిన ఆస్తి జాబితాలలో గుర్రాలు, ఎద్దులతోపాటే మనుషుల పేర్లూ వెలకట్టి ఉంటాయి. చదవడానికి మనసొప్పదు, కానీ పేరు దొరికేది తరచుగా అక్కడే. అంతర్యుద్ధంలో సైనికులుగా చేరినవారి వితంతువులు పింఛను కోసం పెట్టుకున్న దస్త్రాలు మరో ఆసరా. బానిసల పెళ్లికి చట్టంలో చోటు లేనందున, తమ దాంపత్యాన్ని రుజువు చేయడానికి వారు తెలిసినవారి చేత వాంగ్మూలాలు ఇప్పించవలసి వచ్చింది.

ఇంటిపేరు కలిసినంత మాత్రాన యజమాని దొరికినట్టు కాదు. కొందరు పాత యజమాని పేరు, కొందరు తండ్రి పేరు, కొందరు తమకు నచ్చిన పేరు పెట్టుకున్నారు. అందుచేత ఒక్క పేరునే పట్టుకు వేలాడకుండా, 1870లో కెంటకీలో పక్కిళ్లవారెవరో, వారిలో ఎవరెవరు 1880లో నికొడీమస్‌లో కూడా పొరుగువారిగా కనిపిస్తున్నారో పోల్చి చూడడం మేలు.