చివరి గడిలో నీతి ఎందుకు?

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ బొమ్మల కథ అందింది. ఏనుగు గుమాస్తా పద్దులు రాస్తూ రాస్తూ, కళ్లజోడు మసకబారితే చెవి అంచుతో తుడుచుకుంటుంది చూడు, ఆ గడి దగ్గర ఆగిపోయాను. కోటు తొడిగినా ఏనుగు ఏనుగుగానే ఉంది. తీరా ఆఖరి గడికొచ్చేసరికి ఒళ్లు మండింది. ‘అసూయ చేటు తెస్తుంది’ అని దాని నోటితోనే చెప్పించావు! అంతసేపూ మనిషిలా బతికినదాన్ని తీసుకెళ్లి నీతికథ గుంజకి కట్టేశావు.

నీతికథలో నక్కకి జిత్తులే తప్ప ఇల్లుండదు. పాత కామిక్ స్ట్రిప్పుల్లో జంతువులకి ఇళ్లుంటాయి, ఇరుగుపొరుగుతో తగాదాలుంటాయి, అలకలుంటాయి. జార్జ్ హెరిమన్ ‘క్రేజీ క్యాట్’ 1913 నుంచి 1944 దాకా నడిచింది. ఎలుక ఇటుక విసురుతుంది. పిల్లి అది ప్రేమే అనుకుని మురిసిపోతుంది. కుక్క పోలీసు ఎలుకని జైల్లో పెడతాడు. ఇన్నేళ్లూ ఇదే కథ. దీనికి ఏం నీతి రాస్తావు?

వాల్ట్ కెల్లీ ‘పోగో’ చూడు. అందులో డీకన్ మష్‌రాట్ అనే నీటి ఎలుక మాటలన్నీ పాతకాలపు గోథిక్ అక్షరాల్లో ఉంటాయి. పి.టి. బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఎలుగుబంటి నోరు తెరిస్తే సర్కస్ పోస్టరే! మాట చదవకముందే మనిషి తెలిసిపోతాడు. మనిషి అనే అంటున్నాను, గమనించు.

రూపర్ట్ అనే ఎలుగుబంటి బొమ్మల కథని 1920లో మేరీ టూర్టెల్ మొదలుపెట్టింది, 1935 నుంచి ఆల్‌ఫ్రెడ్ బెస్టాల్ గీశాడు. 1973 వార్షిక సంచిక అట్టమీద ఆయన వేసిన గోధుమరంగు మొహాన్ని ఆయన్ని అడక్కుండానే తెల్లగా మార్చేశారు. ఆ బాధ నాకు తెలుసు. నా కొంగ మాస్టారు కథ ఆఖరి బొమ్మలో, పదవీ విరమణ రోజున, ఖాళీ బల్లల ముందు ఆయన ఒంటికాలిమీద నిలబడి ఉంటాడు. దానికింద సంపాదకుడు తన సొంత వాక్యం తగిలించి అచ్చేశాడు: ‘కాలం విలువైనది’! అడిగితే, పిల్లలకి ఏదో ఒకటి చెప్పాలి కదండీ అన్నాడు. ఆ పత్రికకి మళ్లీ బొమ్మ ఇవ్వలేదు. చేతిలో డబ్బు లేని రోజుల్లో కూడా ఇవ్వలేదు.

ఏ పత్రికకి పంపాలి, కంప్యూటర్లో గీయాలా అని అడిగావు. అవి తర్వాత. ముందు ఆ ఏనుగు ఎలాంటి మంచంమీద పడుకుంటుందో, తొండానికి జలుబు చేస్తే సెలవుచీటీలో ఏమని రాస్తుందో, అసూయపడ్డ మర్నాడు ఆ తోటి గుమాస్తా ఎదురైతే మొహం ఎటు తిప్పుకుంటుందో తేల్చుకో. ఆ మూడోది గీసి పంపు, చూస్తాను.