గేటు దగ్గర రిజిస్టర్‌లో నా నంబర్ ఎందుకు రాయాలి?

మీ ప్రశ్న ఇది: "మా అపార్ట్‌మెంట్‌లో భద్రత పేరుతో వచ్చిన ప్రతివాళ్ల పేరు, ఫోన్ నంబర్, ఫోటో తీసుకుంటున్నారు. వద్దంటే 'దాచుకోవడానికి ఏముంది' అంటున్నారు. నేను అతిగా ఆలోచిస్తున్నానా?"

అస్సలు కాదు. 'దాచుకోవడానికి ఏముంది' అన్న మాట ఒకప్పుడు నేనూ అన్నాను. మా బిల్డింగ్ కమిటీలో రెండేళ్లు ఉన్నాను. పక్క బిల్డింగ్‌లో దొంగతనం జరిగిందని తెలిసిన వారంలోనే మా గేటు దగ్గర రిజిస్టర్ పెట్టించినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ జవాబు రాస్తున్నాను.

అమ్మకు ఆపరేషన్ అయ్యాక రోజూ ఇంటికి వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, కట్టు మార్చడానికి ఒక నర్సును పెట్టుకున్నాం. పాతికేళ్లు ఉంటాయేమో. చెయ్యి ఎంత తేలికంటే, సూది తీసేశాక కూడా అమ్మ "ఎప్పుడు చేస్తావమ్మా?" అని అడిగేది. అయిదో రోజు సాయంత్రం పని అయ్యాక చేతులు కడుక్కుని, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "అక్కా, రేపటి నుంచి వేరేవాళ్లు వస్తారు. ఏమీ అనుకోవద్దు" అంది. ఎందుకమ్మా అంటే కాసేపు చెప్పలేదు. తర్వాత ఫోన్ తీసి నా చేతికిచ్చింది.

తెలియని నంబర్ నుంచి మూడు రోజులుగా మెసేజ్‌లు. "ఇవాళ లేటయిందేం?" "ఆకుపచ్చ డ్రెస్ బాగుంది." ఆ రోజు వచ్చింది చూసి నాకే చేతులు చల్లబడ్డాయి: "మూడో అంతస్తులో ఎవరికి బాగోలేదు?" ప్రతి మెసేజ్‌లోనూ పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ అమ్మాయి నంబర్ నా దగ్గర కూడా లేదు, ఏదైనా ఉంటే ఏజెన్సీకే ఫోన్ చేసేదాన్ని. మా బిల్డింగ్ మొత్తం మీద ఆమె నంబర్ ఉన్నది ఒక్క రిజిస్టర్‌లోనే.

వెంటనే కిందికి వెళ్లాను. రిజిస్టర్ టేబుల్ మీద తెరిచే ఉంది. పక్కన దారంతో కట్టిన పెన్ను. ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో అయిదు రోజులూ ఒక్క గడి వదలకుండా రాసింది: పేరు, నంబర్, ఫ్లాట్, వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్. తర్వాత రాయడానికి వంగినవాడు పై వరస చదివితే చాలు. పేజీలు వెనక్కి తిప్పాను. కొన్ని నంబర్లలో అంకెలే సరిపోలేదు. ఒకే చేతిరాతలో మూడు వేరువేరు పేర్లున్నాయి. "ఈ నంబర్లకు ఎప్పుడైనా ఫోన్ చేసి చూశారా?" అని వాచ్‌మన్‌ని అడిగాను. "రాయించమన్నారమ్మా, రాయిస్తున్నాను. చూడమని ఎవరూ చెప్పలేదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. చెప్పాల్సింది మేము.

దొంగ ఎలాగూ తప్పుడు నంబరే రాస్తాడు. నిజం రాసేది ఆ నర్సు లాంటివాళ్లు, ట్యూషన్ చెప్పడానికి వచ్చే పిల్లలు, కూతుర్ని చూడటానికి వచ్చే పెద్దవాళ్లు. ఇలాంటి రిజిస్టర్ పట్టించిన దొంగ ఎక్కడా ఉండడని నా గట్టి నమ్మకం. ఆ మెసేజ్‌లు పెట్టింది ఎవరో చివరిదాకా తేలలేదు. ఆ అమ్మాయి నంబర్ మార్చుకుంది. మా గేటు మళ్లీ దాటలేదు.

పాస్‌వర్డ్‌ల సంగతీ ఇంతే, అది కూడా చెప్పకుండా ఉండలేను. మా ఆఫీసులో మూడు నెలలకోసారి మార్చి తీరాలి. అందరూ చేసేది చివరి అంకె ఒకటి పెంచడమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం 2003లో ఇలాంటి సలహాలు రాసిన బిల్ బర్, వాటిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని 2017లో తనే చెప్పాడు. పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం లేకుండా ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని నిస్ట్ కూడా అదే ఏడాది చెప్పింది. ఇన్నేళ్లయినా మా ఆఫీసుదాకా ఆ మాట చేరలేదు.

రిజిస్టర్ తీసేద్దామని మీటింగ్‌లో అంటే, అయితే ప్రతి అంతస్తులో కెమెరా పెడదాం అన్నారు. ఉన్న రెండు కెమెరాల పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందని అడిగాను. కంపెనీ నుంచి వచ్చినదే, ఎవరూ మార్చలేదట! 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే పరికరాల్లోకి చొరబడే చెడ్డ ప్రోగ్రామ్, సరిగ్గా ఇలాంటి కెమెరాలు, రూటర్లలోకే దూరింది. దాని దగ్గర ఉన్నది అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా, అంతే. అలా చేతికి చిక్కిన పరికరాలతో ఆ అక్టోబరులో, మనం టైప్ చేసిన సైట్ పేరును దాని ఇంటర్నెట్ చిరునామాకు కలిపే డైన్ అనే కంపెనీ మీద దాడి జరిగితే ట్విట్టర్ లాంటి పెద్ద సైట్లే కొన్ని గంటలపాటు చాలామందికి తెరుచుకోలేదు. మన గుమ్మం వైపు తిప్పిన కెమెరాలోంచి మన ఇంట్లోకి ఎవరు తొంగి చూస్తున్నారో మనకెలా తెలుస్తుంది?

జాగ్రత్త వద్దని నేను అనడం లేదు. ఇప్పుడు మా దగ్గర వచ్చినవాళ్లు ఏ ఫ్లాట్‌కో చెప్తే చాలు. వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో ఆ ఇంటివాళ్లని అడుగుతాడు, వాళ్లు సరే అంటేనే లోపలికి. కాగితం మీద ఫ్లాట్ నంబర్, టైమ్ మాత్రమే రాస్తాడు. నెలాఖరుకి ఆ కాగితాలు చింపేస్తాం. కెమెరాలు గేటు దగ్గర, పార్కింగ్‌లో ఉన్నాయి, ఎవరి తలుపు వైపూ తిప్పలేదు. పదిహేను రోజుల తర్వాత రికార్డింగ్ దానంతటదే చెరిగిపోతుంది. దీనికోసం మూడు మీటింగులు పట్టింది, ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు.

ఫోటో మాత్రం ఇవ్వకండి. నర్సు నంబర్ మార్చుకోగలిగింది, మొహం ఎవరూ మార్చుకోలేరు. ఎవరు చూస్తారు, ఎన్నాళ్లుంచుతారు, చెరిపే బాధ్యత ఎవరిది అని మీ కమిటీని రాతపూర్వకంగా అడగండి. అలాగే నిండిపోయిన పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో కూడా అడగండి. మావి మెట్ల కింద తాళం లేని అల్మరాలో, ఖాళీ పెయింట్ డబ్బాల వెనక దొరికాయి. నాలుగు పుస్తకాలు. వాచ్‌మన్, నేను రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కో పేజీ చింపాం.