పరిణామం పాఠం చెప్పబోయే అమ్మణ్ణికి

చి. అమ్మణ్ణికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం పదో తరగతికి పరిణామం మొదలుపెడతావని, జీవం పుట్టుక నుంచే ఎత్తుకుంటావని మీ నాన్న ఫోన్‌లో చెప్పినాడు. నా మాట విని అక్కణ్ణుంచి వద్దు. ముందు ప్రకృతి వరణం, అంటే ఉన్న తేడాల్లో బతికి పిల్లల్ని కనగలిగినవే తరాల్లో మిగలడం చెప్పి, తర్వాత వెనక్కి పో. వరణం జరగాలంటే తన నకలు తాను తీసుకునేది ఒకటి ముందే ఉండాలి, నకళ్లలో తేడాలు రావాలి, అవి తర్వాతి తరానికి దిగాలి. ఆ మొదటి నకలు ఎట్లా వచ్చిందనేది కెమిస్ట్రీ ప్రశ్న. రెండూ కలిపేస్తే, ఫ్లాస్కులో రసాయనాలతో చేసిన మిల్లర్ ప్రయోగం చదివిన పిల్లకాయలు "మిల్లర్ ఫ్లాస్కులో కోతి పుట్టింది" అని రాస్తారు. నవ్వొద్దు, ఇంతకన్నా ఘోరాలు దిద్దినాను.

పరిణామం పాఠంలో మామూలుగా చూపించే జిరాఫీ బొమ్మ పక్కన పెట్టి, చంద్రగిరి దగ్గర ఏదన్నా మామిడితోటకు తీసుకుపో. తోతాపురి చెట్టు మొదట్లో అంటు కట్టిన చోట బెరడు తేడాగా ఉంటుంది, తడిమి చూడమను. ఆ అతుకు పైనున్నదంతా ఒక తల్లిచెట్టు కొమ్మే. అందుకే తోటంతా ఒకే రకం కాయ. గుజ్జు ఫ్యాక్టరీలకు కావాల్సిందీ అదే. ఇక గట్టు మీద టెంక పడి మొలిచిన నాటు చెట్లు చూపించు. ఒకదాని కాయ పీచు, ఇంకొకటి పులుపు, మరొకటి ముందే పూస్తుంది. కొత్త తెగులొస్తే ఏ గుంపులో ఒకటైనా మిగిలే అవకాశం ఎక్కువని అడుగు. తెగులును చూసి చెట్టు మారదు, ముందే ఉన్న తేడాల్లోంచి కొన్ని నిలబడతాయి. ఇది బుర్రకెక్కించడానికి రెండు పీరియడ్లు పట్టినా పట్టనీ.

తర్వాత కెమిస్ట్రీ. జీవం రసాయనాల నుంచి పుట్టి ఉండొచ్చని చెప్పిన శాస్త్రవేత్తలు ఒపారిన్ 1924, హాల్డేన్ 1929 అని తేదీలు చెప్పి వదిలేయకు. హాల్డేన్ మన దేశం వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో పోయినాడంటే వెనక బెంచీ కూడా తలెత్తుతుంది. 1953లో మిల్లర్ చూపించింది జీవం కాదు. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరిలో నిప్పురవ్వలు పుట్టిస్తే గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్లకు ఇటుకల్లాంటివి వచ్చినాయి, అంతే. తొలి వాతావరణం సరిగ్గా అట్లా లేదేమోనన్న సందేహం ఉందని కూడా చెప్పు.

పుస్తకంలో లేకపోయినా స్పీగెల్‌మాన్ 1967 ప్రయోగం మటుకు చెప్పి తీరాలి. వైరస్ జన్యు సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏ అనే అణువును, దాని నకలు తీసే ఎంజైమును గొట్టంలో వేసి, కాసేపాగి అందులోంచి కొంచెం కొత్త గొట్టంలోకి మార్చేవాళ్లు. అట్లా 74 సార్లు మార్చేసరికి ఆ ఆర్‌ఎన్‌ఏ 83 శాతం వదిలించుకుని, తొందరగా నకలయ్యే పొట్టి రకం మిగిలింది. కణం లేదు, జంతువు లేదు, వరణం జరిగింది. అయితే ఎంజైము అరువు తెచ్చిందే, అది దాచొద్దు. ఆర్‌ఎన్‌ఏ తానే ఎంజైము పని చేయగలదని తర్వాత తేలింది. చెక్, ఆల్ట్‌మన్‌లకు 1989 నోబెల్ దానికే. అక్కడికి ఆపు, మిగతాది ఇంకా వెతుకుతున్నారు.

"మరి స్వామి?" అని తిరుపతి పిల్లకాయ అడక్క మానడు. వాదన పెట్టుకోవద్దు. ఎట్లా జరిగిందో చెప్పడం నీ పీరియడ్ పని, మిగతాది ఇంట్లో పెద్దలను అడగమను. కావాలంటే కొండనే పాఠంలోకి తెచ్చుకో. ఘాట్ రోడ్డు పక్కన కింద సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు, దాని మీద సుమారు 160 కోట్ల ఏళ్ల క్వార్ట్‌జైటు. జీవం ఆనవాళ్లు దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటివి, ఆ గ్రానైటుకన్నా పాతవి. పిల్లకాయల్ని మాత్రం ఆ మలుపుల్లో దించకు, ఫోటోలు తీసుకొచ్చి క్లాసులో చూపించు.

మీ పెదనాన్న