కొత్తగా గెలిచిన వార్డు మెంబర్ ఊళ్లో నిజంగా ఏమైనా చేయగలరా?

2025 డిసెంబరులో తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబర్‌గా గెలిచానని, గ్రామసభకు ఇరవై మంది కూడా రావట్లేదని, సర్పంచ్, కార్యదర్శి అన్నీ ముందే తేల్చుకుని సంతకాలకు మాత్రమే పిలుస్తున్నారని, జీతం లేని ఈ పదవితో ఏం చేయగలనని మీరు అడిగారు. చేయగలరు. 2019 జనవరిలో నర్సంపేట వైపు ఒక ఊళ్లో మహిళలకు రిజర్వైన వార్డులో గెలిచి, 2024లో పదవీకాలం అయిపోయేదాకా నేను పడింది ఇదే బాధ కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

మొదటి ఏడాది నేను ఏమీ చేయలేదు. పత్తి ఏరుతుంటే కార్యదర్శి బండి మీద చేను దగ్గరికే వచ్చేవాడు, తీర్మానాల పుస్తకం సీటు మీద పెట్టి "ఇక్కడ ఒక్క సంతకం పెట్టు అక్కా, మిగతాది నేను రాసుకుంట" అనేవాడు. పేజీ ఖాళీగా ఉండేది. కింద వరుసగా మా పేర్లు, పక్కన సంతకాలకు జాగా, పైన తెల్ల కాగితం. నేను చేతికున్న దుమ్ము చీరకు తుడుచుకుని పెట్టేసేదాన్ని. అతను చెడ్డవాడేం కాదు, పైనుంచి రోజుకో రిపోర్టు అడుగుతుంటే ఆ టెన్షన్‌లో అతనికి అదే తేలిక దారి. కానీ నేను పెట్టిన ఆ సంతకాల మీద ఏ ఖర్చు పాసైందో నాకు ఈ రోజుకీ తెలియదు, ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే మొట్టమొదట చెప్పేది ఇదే: ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకండి. పంచాయతీ సమావేశం నెలకోసారి పెట్టాలి, అక్కడ చదివి వినిపించాక, రాసింది చూశాక పెట్టండి. "నమ్మకం లేదా అక్కా" అంటారు. "నమ్మకం ఉంది, చదివి పెడత" అనండి, గొడవ అక్కర్లేదు. ఆడవాళ్లయితే ఇంకో మాట, మీ బదులు మీ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టే ప్రయత్నం తప్పకుండా జరుగుతుంది, మొదటి రోజే ఒప్పుకోవద్దు. తెలంగాణలో సగం సీట్లు మనకు ఇచ్చింది మన భర్తలు కూర్చోవడానికి కాదు.

ఇక గ్రామసభ. రెండు నెలలకోసారి పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది, ఓటర్ల సంఖ్యను బట్టి ఇంతమంది రావాలని కోరం కూడా ఉంది. మా ఊళ్లో పొద్దున పదకొండుకి పెట్టేవాళ్లు. మిర్చి కోతల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో పదకొండు గంటలకు ఊళ్లో ఎవరుంటారు, ముసలివాళ్లు, కిరాణం కొట్టాయన తప్ప? జనానికి పట్టింపు లేదని అనడం చాలా సులువు, కూలి పోగొట్టుకుని ఎవరు వస్తారు చెప్పండి. మేము నలుగురు మెంబర్లం కలిసి రాత్రి ఏడింటికి పెట్టాలని పట్టుబట్టాం. కార్యదర్శి టౌన్ నుంచి వచ్చి పోతాడు కాబట్టి మొదట కుదరదన్నాడు, చివరికి సాయంత్రం ఆరున్నరకు ఒప్పుకున్నాడు. చెత్త ట్రాక్టర్‌కు మైకు కట్టి ముందు రోజు, ఆ రోజు వాడవాడా చాటింపు వేయించాం.

టైం మార్చినా మొదటిసారి కొంచెమే పెరిగారు. అసలు మార్పు వచ్చింది లెక్కలు చదివినప్పుడు. గ్రామసభ అంటే మనవాళ్లకు ఇళ్లు, పింఛన్లు, రేషన్ కార్డుల దరఖాస్తులు ఇచ్చే రోజు అని అలవాటైపోయింది, దరఖాస్తు ఇచ్చి వెళ్లిపోతారు, ఎందుకంటే అక్కడ తేలేది ఏమీ ఉండదు. కానీ ఊరి పైసలు అక్కడే తేలాలి. మా తమ్ముడి కొడుకు ఫోన్‌లో ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు తీసి చూపించాడు, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లోంచి ఏ తేదీన ఎంత, దేనికి పోయిందో వోచర్లతో సహా కనిపిస్తుంది, ఎవరైనా చూడొచ్చు. నేను ఒక పాత నోట్‌బుక్‌లో మా వార్డుకు సంబంధించినవి మాత్రం ఎక్కించుకున్నా. వాటిలో ఒకే ఏడాదిలో బోరు మోటారు రిపేరు మూడుసార్లు ఉంది.

ఆ సాయంత్రం సభలో లేచి నిలబడి తేదీ, మొత్తం, పని అని మూడూ చదివాను. చేతులు వణికాయి, నిజం. మూడోది చదవగానే వెనక నుంచి ఒక ముసలమ్మ లేచి, "మా వాడ మోటరు కాలి నాలుగు నెలలాయె, మేము చేతి బోరింగు కాడికే పోతున్నం, ఏ మోటరు బాగు చేసిన్రు బిడ్డా?" అంది. ఒక్కసారిగా అందరూ మాట్లాడడం మొదలుపెట్టారు. తేలిందేమిటంటే రెండు బిల్లులు పెద్ద ట్యాంకు దగ్గరి మోటారువి, అవి నిజమే. మూడోదానికి ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. సర్పంచ్‌కు కోపం వచ్చింది, వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇరవై రోజులు తిరక్కుండా మా వాడకు మోటారు వచ్చింది. ఆ తర్వాతి సభకు నేను ఎవరినీ పిలవాల్సిన అవసరం రాలేదు, మా వాడ ఆడవాళ్లు కూలి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని నేరుగా పంచాయతీ ఆఫీసు ముందుకే వచ్చారు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, సర్పంచ్‌ను శత్రువుగా చూడకండి. మాతో పనిచేసినాయన సొంతంగా అప్పు తెచ్చి మోరీలు, సీసీ రోడ్డు వేయించాడు, పదవి దిగాక కూడా బిల్లులు రాక తిరిగిన మాజీ సర్పంచ్‌లు మన రాష్ట్రంలో చాలామందే ఉన్నారు. నేను ఆయనతో తర్వాత ముందే చెప్పడం మొదలుపెట్టా, "రేపు సభలో ఇది అడుగుత, జవాబు తెచ్చుకో అన్నా" అని. దాంతో ఆయనకూ పరువు దక్కింది, నాకూ జవాబు దక్కింది. పైసలు ఏవి ఎక్కడ వాడొచ్చో తెలుసుకోవడం కూడా ముఖ్యమే. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో ఎక్కువ భాగం తాగునీరు, పారిశుధ్యానికే పెట్టాలని షరతు ఉండేది, అది తెలియక ఆ పైసలతో కమిటీ హాలు కట్టమని మేము సర్పంచ్‌ను అనవసరంగా సతాయించాం.

ఈ పదవితో ఏం చేయగలనన్నారు కదా. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా పాలకవర్గం లేక, ప్రభుత్వం వేసిన ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాం, ఎన్నికైన సభ్యులు లేరని కేంద్రం గ్రాంట్లు ఆగిపోయాయి. ఐదేళ్లు నిండేలోపే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలో 73వ సవరణతో రాసుకున్నా దాదాపు రెండేళ్లు ఖాళీ. వీధి లైటు మాడిపోతే ఎవరికి చెప్పాలో తెలియక జనం మా ఇంటికే వచ్చేవాళ్లు, నాకు పదవి లేకపోయినా. వార్డు మెంబర్ అంటే వాళ్లకు ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది.

వీలైతే గీసుకొండ మండలం గంగదేవిపల్లి ఒకసారి వెళ్లి రండి. మా మహిళా సంఘం వాళ్లం ఆటో మాట్లాడుకుని వెళ్లాం. అక్కడ నీళ్లకో కమిటీ, పారిశుధ్యానికో కమిటీ, ఇలా పనికో కమిటీ వేసుకుని ఊరివాళ్లే చూసుకుంటారు, పన్నులు అందరూ కడతారు. మన చట్టంలోనూ పారిశుధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనులు అని స్థాయీ సంఘాలు ఉన్నాయి, చాలా ఊళ్లలో అవి కాగితం మీద పేర్లే. మీ ఊళ్లో ఎవరి పేర్లు రాశారో అడిగి చూడండి, ఆ పేర్లున్న వాళ్లకే తెలియదు! ఒక్క వీధి దీపాల సంఘాన్ని నిజంగా నడిపించినా చాలు, మొదటి ఏడాదికి.

మా చెల్లెలి అత్తగారి ఊరు ఆర్మూర్ వైపు. అక్కడ చట్టంలో లేని గ్రామాభివృద్ధి కమిటీ చెప్పిందే మాట, జరిమానాలూ వాళ్లే వేస్తారు. మీది అలాంటి ఊరైతే కష్టం ఎక్కువ, ఒంటరిగా ఎదురు నిలబడకండి, మహిళా సంఘాన్ని వెంటపెట్టుకుని గ్రామసభలోనే అడగండి.

లెక్కలు చూపించనంటే సమాచార హక్కు కింద రాసివ్వండి, గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు కూడా లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నేను ఒక్కసారే వాడాను, రెండోసారి అడుగుతానంటేనే ఫైలు బయటికి వచ్చింది.

ఇంకొకటి, సభలో లేచే ముందు మీ ఇంటి పన్ను, నల్లా బిల్లు కట్టి రసీదు కొంగున కట్టుకుని వెళ్లండి. మోటారు లెక్క చదివిన రోజు నన్ను మొదట అడిగిన మాట "నువ్వు పన్ను కట్టినవా?" అనే. అదృష్టం, నేను ఆ వారమే కట్టాను.