గట్టు మీది కలివి పొదలు తీసేయాలా, ఉంచాలా?

ప్రశ్న: బద్వేలు దగ్గర అడవి అంచున మాకు మూడెకరాల నిమ్మతోట ఉంది. గట్ల మీద కలివి పొదలు బాగా పెరిగిపోయాయి. వాటిని జేసీబీతో తీయించి వాక్కాయ కంచె వేద్దామనుకుంటున్నాను. కంచెకు కంచె, పైగా కాయలూ అమ్ముకోవచ్చని చెబుతున్నారు. రెండింటికీ గిల్లితే పాలు కారతాయి, గన్నేరు జాతి అని ఇంట్లో భయపడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, కడప జిల్లా

జవాబు: ముందు జేసీబీని వద్దని చెప్పండి. మీ గట్టును పట్టి ఉంచుతున్నది ఆ కలివి వేర్లే. పెకలించారంటే తొలి పెద్ద వానకే గట్టు కోసుకుపోతుంది. వాక్కాయ మొక్క కంచెలా పనికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా మేకలను, పశువులను ఆపేదెవరు?

కలివి, వాక్కాయ ఒకే కుటుంబానికి చెందిన మన నేల పొదలే. కలివి కాయ చిన్నది, నల్లగా పండితే తియ్యగా ఉంటుంది. వాక్కాయ పెద్దది, పులుపు. కలివిని నరికినా మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. అందుకే వానలు మొదలవగానే మోకాలి ఎత్తుకు కొట్టి వదిలేయండి, అడుగు నుంచి కొమ్మలు వేసి గుబురుగా లేస్తుంది. సందులున్న చోట మాత్రమే వాక్కాయ నాటుకోండి. మీ జిల్లా వారికి ఇంకో మాట చెప్పాలి. చాలా ఏళ్లు కనబడకుండా పోయి 1986లో సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ దొరికిన కలివి కోడి ఇలాంటి ముళ్లపొదల మధ్యే బతికే పక్షి. అడవి అంచున ఉన్న పొదలను చదును చేయడం నాకు అస్సలు ఇష్టం లేదు.

వాక్కాయ విత్తనం ఎక్కువ రోజులు నిల్వ ఉండదు. ఆగస్టు, సెప్టెంబరులో బాగా పండిన కాయల నుంచి గింజలు తీసి, కడిగి, వెంటనే కవర్లలో విత్తండి. కొమ్మ కత్తిరింపులు సరిగ్గా వేరు పట్టవు. మంచి చెట్టు కనబడితే వానాకాలంలో అంటు కట్టుకోవచ్చు. ఏడాది వయసున్న మొక్కలను మరుసటి జూన్, జులైలో నాటండి. కంచె కోసమైతే రెండడుగుల దూరంలో, రెండు వరుసలు, ఒకదాని సందులో ఇంకోటి వచ్చేలా పెట్టాలి. ఒకే వరుస వేస్తే అడుగున సందులు మిగిలి అడవి పందులు దూరతాయి. మొదటి వేసవిలో నీళ్లు పోస్తే చాలు, తర్వాత ఎండను అదే తట్టుకుంటుంది. నీరు నిలిచే చోట మాత్రం పెట్టకండి.

అమ్మకం సంగతికొస్తే, కంచె, నిండు కాపు రెండూ ఒకే వరుస నుంచి రావు. కంచెను ఎప్పటికప్పుడు కత్తిరిస్తుంటే పూత కొమ్మలూ వాటితో పోతాయి. కాయల మీద ఆశ ఉంటే ఒక మూల పది ఇరవై మొక్కలను ఎనిమిది, పది అడుగుల దూరంలో విడిగా పెంచండి. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, మహారాష్ట్ర దాపోలి నుంచి వచ్చిన కొంకణ్ బోల్డ్ మంచి రకాలు. మూడో ఏడు నుంచి కాపు మొదలవుతుంది. పప్పుకు, పచ్చడికి, పులిహోరకు గులాబీ రంగు తిరిగిన పచ్చికాయ కావాలి, కాబట్టి గట్టిగా ఉన్నప్పుడే కోయండి. నల్లగా పండినవి మూడు నాలుగు రోజులకే మెత్తబడిపోతాయి. గడ్డ కట్టించే పెక్టిన్ అనే పదార్థం ఈ కాయల్లో ఎక్కువ కాబట్టి జెల్లీ తేలిగ్గా గడ్డ కడుతుంది. కేకులు, బన్నుల మీద పెట్టే ఎర్రటి ‘చెర్రీలు’ చాలావరకు పాకంలో ఊరబెట్టిన వాక్కాయలే. తోట పెంచకముందే దగ్గరలో కొనేవాళ్లున్నారో లేదో కనుక్కోండి.

పాల విషయంలో ఇంట్లో వాళ్ల టెన్షన్ అర్థమైంది. రెండూ గన్నేరు కుటుంబమే, కానీ కాయలు తరతరాలుగా తింటున్నవే, నిశ్చింతగా తినండి. కోసేటప్పుడు కత్తికి, చేతులకు నూనె రాసుకుంటే జిగురు అంటదు. కాయలను చీల్చి గింజలు తీసి, ఉప్పునీళ్లలో కడిగి వండుకోండి. వేళ్లు మాత్రం వేరే సంగతి. వాటిలో గుండె మీద పనిచేసే పదార్థాలున్నాయి, ఎవరు చెప్పినా ఇంట్లో కషాయం కాచుకుని తాగకండి.