గ్రౌండ్‌లోకి దూకితే ఏమవుద్ది? (మీ ప్రశ్నలు - మా జవాబులు)

ప్రశ్న: 2024 జనవరిలో ఉప్పల్లో ఇంగ్లాండ్‌తో టెస్ట్ మొదటి రోజే ఒకడు గ్రౌండ్‌లోకి దూకి రోహిత్ శర్మ కాళ్లు మొక్కాడు కదా. మా ఫ్రెండ్స్ అంతా వాడు హీరో అంటారు, పోలీసులేమో కేసు పెట్టారు. కాళ్లు మొక్కడం కూడా నేరమేనా సార్? - డిగ్రీ స్టూడెంట్, కర్నూలు

జవాబు: కాళ్లు మొక్కినందుకు కాదు బాబూ, కంచె దూకినందుకు. అదే ఉప్పల్లో 2018లో వెస్టిండీస్ టెస్టప్పుడు ఇంకో కుర్రాడు పరిగెత్తుకెళ్లి కోహ్లీని పట్టేసుకుని సెల్ఫీ అన్నాడు, ముద్దు కూడా పెట్టబోయాడు, పాపం కోహ్లీ తప్పించుకోడానికి తంటాలు పడ్డాడు. టీవీ ముందు కూర్చున్న మనకి నవ్వొస్తుంది, ఎందుకంటే వాడు మొక్కడానికే వచ్చాడని మనం చూసేశాం కాబట్టి. రోహిత్‌కి ఆ క్షణంలో ఎలా తెలుస్తుంది చెప్పు, ఎవడో మీదకి పరిగెత్తుకొస్తున్నాడు, చేతిలో ఏముందో తెలీదు.

టెన్నిస్ ప్లేయర్ మోనికా సెలెస్ పేరు మీ నాన్నగారిని అడుగు, చెప్తారు. 1993 ఏప్రిల్ 30న జర్మనీలోని హాంబర్గ్‌లో మ్యాచ్ మధ్య బ్రేక్‌లో కుర్చీలో కూర్చుని ఉంది, అప్పటికి వరల్డ్ నంబర్ వన్, వయసు పంతొమ్మిదేళ్లు. జనంలోంచి ఒకడు వచ్చి అడ్డుగోడ మీంచి వంగి వీపులో కత్తి దించాడు. వాడికి ఆ పిల్ల మీద సొంత పగేమీ లేదు, వాడు ఆమెకి పోటీ ప్లేయర్ స్టెఫీ గ్రాఫ్ వీరాభిమాని, గ్రాఫ్ మళ్లీ నంబర్ వన్ అవ్వాలని అంతే! గాయం కొన్ని వారాల్లో మానింది గానీ సెలెస్ మళ్లీ కోర్టులోకి రావడానికి రెండేళ్లు దాటింది, పొడిచినోడికేమో సస్పెండెడ్ శిక్ష వేసి వదిలేశారు, జైలే లేదు. ఆమె ఆ తర్వాత జర్మనీలో ఆడనే లేదు. ఇప్పుడు టెన్నిస్‌లో ప్లేయర్ల కుర్చీల వెనకాల సెక్యూరిటీ వాళ్లు జనం వైపు తిరిగి నిలబడతారు చూడు, అది అలా వచ్చిందే. ఇంత జరిగాక కూడా "అభిమానమే కదా" అంటే ఎలా?

1960లో రోజులు వేరు. బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో ఆస్ట్రేలియా మీద మన హైదరాబాద్ అబ్బాయి అబ్బాస్ అలీ బేగ్ ఫిఫ్టీ కొడితే ఒకమ్మాయి గ్రౌండ్‌లోకి వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్లిపోయింది. కామెంట్రీలో ఉన్న విజయ్ మర్చంట్, నేను సెంచరీలు కొట్టినప్పుడు ఈ అమ్మాయిలంతా ఎక్కడున్నారో అన్నాడంట. బావుంది, నేనూ నవ్వుకుంటా, కానీ ఇప్పుడైతే ఆ అమ్మాయి కూడా స్టేషన్‌కే.

ప్రశ్న: బంతి బౌండరీకి పోతుంటే మధ్యలో జనంలోంచి వచ్చినోడు ఆపేస్తే ఎన్ని రన్స్? మా వీధిలో దీని మీద పెద్ద గొడవ. - ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మనిషైనా కుక్కైనా ఒకటే రూలు. దానివల్ల ఏదో ఒక టీమ్ నష్టపోయిందని అంపైర్‌కి అనిపిస్తే డెడ్ బాల్, అంటే ఆ బంతికి ఆట అక్కడితో ఆగిపోయినట్టే. కాకపోతే ఎవడూ అడ్డురాకపోయినా ఎలాగూ బౌండరీ దాటేదే అని ఇద్దరు అంపైర్లూ అనుకుంటే ఫోర్ ఇచ్చేస్తారు. మీ వీధిలో అంపైర్లు లేరు కాబట్టి బ్యాట్ ఎవరిదైతే వాళ్లదే న్యాయం.

ప్రశ్న: ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌లో ముందున్నవాణ్ణి ఎవరో తోసేశారట, మరి అతనికి గోల్డ్ ఇవ్వొచ్చు కదండీ? - ఒక పీఈటీ టీచర్, ఖమ్మం

జవాబు: బ్రెజిల్ వాళ్లూ అదే అడిగారు మేడమ్, ఇంకో గోల్డ్ ఇవ్వండని స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టు దాకా వెళ్లారు, ఒప్పుకోలేదు. 2004లో వాళ్ల రన్నర్ వాండర్లీ డి లిమా అందరికన్నా ముందు పరిగెడుతున్నాడు, సుమారు 35 కిలోమీటర్లు అయిపోయాయి, అప్పుడు ఒక మాజీ ఐరిష్ ప్రీస్ట్ అమాంతం వచ్చి రోడ్డు పక్కన జనంలోకి నెట్టేశాడు. అంతకుముందు ఏడాదే సిల్వర్‌స్టోన్‌లో కార్ రేస్ ట్రాక్ మీద కూడా పరిగెత్తిన ఘనుడే! ఒక గ్రీకు ప్రేక్షకుడు విడిపించి పంపాడు. (ఆయనా ప్రేక్షకుడే, అది మర్చిపోకూడదు.) డి లిమా బ్రాంజ్‌తో సరిపెట్టుకున్నాడు, గెలిచిన బాల్డినీ టైం 2:10:55, ఇతనిది 2:12:11. పోయింది కొద్ది సెకన్లే కదా, తేడా 76 సెకన్లుంది, ఎలాగూ ఓడేవాడు అని వాదించేవాళ్లున్నారు. మీరు పిల్లల్ని పరిగెత్తిస్తారు కాబట్టి మీకు తెలుసు, అంత దూరం ఒకే ఊపులో వచ్చినోణ్ణి ఆపితే పోయేది సెకన్లు కాదు, ఆ ఊపు, ఊపిరి, ధైర్యం. గెలిచేవాడో లేదో ఎవరూ చెప్పలేరు, నన్నడిగితే అసలు నష్టం అదే. పతకంతో పాటు ఒలింపిక్ కమిటీ క్రీడాస్ఫూర్తికి ఇచ్చే కూబర్టిన్ మెడల్ ఇచ్చింది, 2016లో రియోలో జ్యోతి వెలిగించింది కూడా ఆయనే.

ప్రశ్న: 1996 వరల్డ్ కప్ ఈడెన్ గార్డెన్స్ సెమీఫైనల్ గురించి బెంగాల్ వాళ్లని ఇప్పటికీ తిడతాం, మన తెలుగు జనం అలా ఎప్పుడూ చెయ్యలేదుగా? - రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: శ్రీలంక 251 కొట్టింది, మనం 98కి ఒకటి నుంచి 120కి ఎనిమిది, సీసాలు పడ్డాయి, సీట్లు కాలాయి, మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్ శ్రీలంకకి ఇచ్చేశాడు, కాంబ్లీ ఏడ్చుకుంటూ వెళ్లాడు. ఇదంతా మీకు తెలిసిందే. మన సంగతా... 1969లో న్యూజిలాండ్‌తో హైదరాబాద్ టెస్ట్ చూడండి గురువుగారూ, లాల్ బహదూర్ స్టేడియంలో గ్రౌండ్‌లోకొచ్చిన ఒక కుర్రాణ్ణి పోలీసులు కొడితే స్టాండ్స్‌లో గొడవ మొదలై మంటల దాకా పోయింది. కాబట్టి తిట్టేముందు కొంచెం చూసుకుందాం.

ప్రశ్న: ఎవడైనా దూకితే కెమెరా పక్కకి తిప్పేస్తారెందుకు? మాకూ చూడాలనుంటుందిగా! - ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: మీకు చూడాలనుంటుందనేనమ్మా తిప్పేది. చూపిస్తే ఇంకో పదిమందికి సరదా పుడుతుంది. కానీ ఇప్పుడు దూకేవాడే ఫోన్లూ ఛానెళ్లూ పెట్టుకుని తిరుగుతున్నాడు. 2021లో ఇంగ్లాండ్‌లో మన టెస్టులప్పుడు జార్వో అని ఒకాయన ఇండియా జెర్సీ వేసుకుని మళ్లీ మళ్లీ దిగాడు, మనోళ్లు మీమ్స్ వేసి వేసి పెద్దవాణ్ణి చేశారు, ఓవల్‌లో ఇంగ్లాండ్ ప్లేయర్ బెయిర్‌స్టోని గుద్దేశాక గానీ సీరియస్‌గా తీసుకోలేదు. శిక్ష పడింది, సస్పెండెడ్. 2023 వరల్డ్ కప్‌లో మన మొదటి మ్యాచ్‌కి చెన్నైలో మళ్లీ గ్రౌండ్ మీద ప్రత్యక్షం!